నిమిషం కాల్పులు.. పూటంతా కబుర్లు

ఒంటరితనం ఒక జబ్బులా ముదురుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్న రోజులివి. అమెరికాలో కౌబాయ్ దుస్తులు తొడుక్కుని ఇనుప రేకులను గురిచూసి కాల్చే పెద్దవాళ్ల సరదా గురించి ఇప్పుడు మాట్లాడుకోవడానికి కారణం ఉంది. వాళ్లు కాల్చేది తక్కువ, కలిసి ఉండేది ఎక్కువ. అలా ఎందుకు జరుగుతోందన్నదే ఈ కథనం.

"షూటర్ రెడీ?"

వెడల్పాటి అంచున్న టోపీ కాస్త వంగుతుంది.

"స్టాండ్ బై."

ఒకటి రెండు క్షణాలు ఎవరూ మాట్లాడరు. బీప్ మోగగానే డెబ్బై దాటిన పెద్దాయన నడుముకున్న ఒరలోంచి రివాల్వర్ లాగుతాడు. బొటనవేలితో సుత్తిని వెనక్కి లాగి, ట్రిగ్గర్ నొక్కుతాడు. కొద్ది గజాల దూరంలో నిలబెట్టిన ఇనుప రేకు టంగ్‌మంటుంది. ప్రతి గుండుకూ సుత్తిని మళ్లీ లాగాల్సిందే. ఐదు మోతలయ్యాక ఆ రివాల్వర్ ఒరలోకి పోతుంది, రెండోది చేతిలోకి వస్తుంది. మరో ఐదు మోతలు. పక్కన బల్ల మీదున్న రైఫిల్ అందుకుంటాడు. లీవర్ కిందికీ పైకీ ఆడిన ప్రతిసారీ ఒక ఇత్తడి తొడుగు గాలిలోకి ఎగిరి మట్టిలో పడుతుంది. చివరగా జంట గొట్టాల షాట్‌గన్. దాని దెబ్బకు రేకులు మోగడం కాదు, వెల్లకిలా పడిపోతాయి. వెనకాలే నిలబడిన మనిషి టైమర్ చూసి సెకన్లు గట్టిగా చదువుతాడు. చుట్టూ నిలబడి చూస్తున్న ముగ్గురు చేతులెత్తుతారు. ఇద్దరు ఒక వేలు చూపిస్తారు. మూడో మనిషి పిడికిలి బిగించి చూపిస్తాడు, ఆయన లెక్కలో ఒక్కటీ తప్పలేదు. ఇద్దరి మాటే చెల్లుతుంది. తప్పిన గుండుకు ఐదు సెకన్లు కలిపి పద్దు రాస్తారు. ఇదంతా నిమిషం లోపే అయిపోతుంది.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో వారాంతపు ఉదయాల్లో కనిపించే దృశ్యం ఇది. పేరు 'కౌబాయ్ యాక్షన్ షూటింగ్'. అయితే అసలు చూడాల్సింది ఆ నిమిషం తర్వాత ఏం జరుగుతుందన్నది. పెద్దాయన తుపాకులన్నీ ఖాళీ చేసి చూపించే బల్ల దగ్గరికి వెళతాడు. అక్కడొకరు గదులన్నీ ఖాళీ అయ్యాయో లేదో కళ్లతో చూసి గాని వదలరు. ఆ తర్వాత ఆయన ఇంటికి పోడు, కుర్చీలో కూలబడడు. తర్వాతి మనిషి కాలుస్తుంటే వేళ్లు ఎత్తి చూపే ముగ్గురిలో ఒకడవుతాడు. లేదంటే మట్టిలో పడ్డ తొడుగులు ఏరుతాడు, పడిపోయిన రేకులు నిలబెడతాడు. ఒక పోటీలో ఇలాంటి ఘట్టాలు మామూలుగా ఐదారు ఉంటాయి. ఒక్కోదాన్ని 'స్టేజ్' అంటారు. పదిహేను మంది జట్టులో ఒక్కొక్కరికి ముక్కాలు నిమిషం చొప్పున వేసుకున్నా, ఆరు స్టేజ్‌లకు ఒక మనిషి కాల్చే సమయం ఐదు నిమిషాలు దాటదు. మైదానంలో ఉండేది మాత్రం పూటంతా. ఆ మిగిలిన సమయమంతా పనీ, మాటలూ.

ఈ స్నేహాలను చూసినవాళ్లు రెండు రకాలుగా అర్థం చెబుతుంటారు. తుపాకీ మీది ప్రేమే వాళ్లను కలిపిందని కొందరు, పాతకాలం మనుషులు కదా, సహజంగానే కలుపుగోలుగా ఉంటారని మరికొందరు. నాకు రెండూ సరైనవిగా కనిపించవు. వాళ్ల స్నేహానికి మూలం ఆ ఆట నడిచే పద్ధతిలోనే ఉంది. ఒకరి పని మరొకరు చేస్తేగాని ఆట ముందుకు సాగదు. తన వంతు వచ్చేదాకా ఎదురుచూడక తప్పదు. పని పంచుకుంటూ ఎదురుచూసే చోట మాట దానంతటదే పుడుతుంది. ఒకరి పొలానికి ఒకరు బదులు పనికి వెళ్లిన కాలంలో నాట్ల వరుసలో కబుర్లు ఎందుకు పుట్టాయో, ఇక్కడా అందుకే పుడుతున్నాయి.

కాలిఫోర్నియాలో మొదలై..

1980ల మొదట్లో దక్షిణ కాలిఫోర్నియాలో హార్పర్ క్రీగ్ అనే షూటరు, ఆయన మిత్రులు కొందరు ఈ ఆటకు బీజం వేశారు. ఆధునిక పిస్తోళ్ల పోటీల్లో పరికరాల పోటీయే ఎక్కువైపోయిన రోజులవి. పాత వెస్టర్న్ సినిమాల్లో చూసిన తుపాకులతోనే ఎందుకు పోటీ పెట్టుకోకూడదన్నది వాళ్ల ఆలోచన. 1982లో 'ఎండ్ ఆఫ్ ట్రెయిల్' పేరుతో మొదటి పెద్ద పోటీ జరిపారు. 1987లో 'సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ' ఏర్పడింది. దాన్ని అందరూ 'సాస్' అంటారు. న్యూమెక్సికోలో ఆల్బుకర్కీకి దగ్గర్లోని ఎడ్జ్‌వుడ్‌లో ఫౌండర్స్ రాంచ్ పేరిట ఆ సంస్థ కొన్నేళ్లపాటు ప్రపంచ పోటీలు నిర్వహించింది.

నియమం సూటిగా ఉంటుంది. తుపాకులు 19వ శతాబ్దపు నమూనాలవై ఉండాలి. రెండు సింగిల్ యాక్షన్ రివాల్వర్లు, పిస్తోలు తూటాతో పేలే లీవర్ రైఫిల్ ఒకటి, పాతకాలపు షాట్‌గన్ ఒకటి. 1873లో వచ్చిన కోల్ట్ రివాల్వర్, అదే ఏడాది వచ్చిన వించెస్టర్ రైఫిల్ ఈ ఆటకు మూలవిరాట్టులు. ఇప్పుడు చాలామంది వాడేది వాటి నకళ్లనే. తూటా సీసానిదే అయ్యుండాలి, వేగానికి పరిమితి ఉంది. దుస్తులూ ఆ కాలానివే. టీషర్టు, స్పోర్ట్స్ షూస్, బేస్‌బాల్ క్యాప్ పనికిరావు. పదమూడేళ్లు, ఆ లోపు వయసు పిల్లలకు 'బకరూ' అనే విభాగం ఉంది, డెబ్బై దాటినవాళ్లకు 'ఎల్డర్ స్టేట్స్‌మన్' ఉంది. అందుకే తాతా మనవడూ ఒకే జట్టులో ఆడగలుగుతున్నారు.

ఇందులో నెరిసిన తలలే ఎక్కువ కనిపించడానికి టీవీ ఒక కారణం. 'గన్‌స్మోక్' అనే వెస్టర్న్ సీరియల్ అమెరికాలో 1955 నుంచి 1975 దాకా నడిచింది. 1950ల చివర్లో రాత్రిపూట ప్రసారాలను వెస్టర్న్‌లే ఏలాయి. వాటి ముందు నేల మీద కూర్చుని చెక్క తుపాకీతో ఆడుకున్న పిల్లలే ఇవాళ పింఛను తీసుకుంటూ ఇనుప రేకుల ముందు నిలబడుతున్నారు.

ఆరు గదులు, ఐదే గుండ్లు

తుపాకులు నింపే బల్ల దగ్గర కాసేపు నిలబడితే ఈ ఆట గుట్టు తెలుస్తుంది. రివాల్వర్ చక్రంలో ఆరు గదులుంటాయి, నింపేది ఐదే. ఒక గదిలో గుండు పెట్టి, పక్క గది వదిలేసి, మిగతా నాలుగూ నింపుతారు. సుత్తిని పూర్తిగా వెనక్కి లాగి మెల్లగా దించితే అది సరిగ్గా ఖాళీ గది మీదికి వస్తుంది. దీనికి కారణముంది. పాత నమూనా రివాల్వర్‌లో సుత్తి నేరుగా గుండు వెనకభాగం మీద ఆనుకుంటుంది. చెయ్యి జారి కింద పడితే పేలొచ్చు. ఆ ఖాళీ గదే రక్షణ. అది నిజంగా ఖాళీగా ఉందా లేదా అన్నది పక్కన ఇంకొకరు నిలబడి చూడాలి. ఆ ఇంకొకరు ఉద్యోగి కాదు, తన వంతు కోసం ఎదురుచూస్తున్న తోటి ఆటగాడే. నీ చేతిలో పేలే వస్తువుంది, దాన్ని నువ్వు సరిగ్గా పట్టుకున్నావా లేదా అని నేను చూస్తున్నాను, ఇంకాసేపటికి నా చేతిని నువ్వు చూస్తావు. ఇద్దరు అపరిచితుల మధ్య నమ్మకం కుదరడానికి ఇంతకంటే దగ్గరి దారి నాకు కనిపించదు.

శిక్షలూ ఆ నమ్మకాన్ని బట్టే ఉంటాయి. గుండ్లున్న తుపాకీ చేజారితే ఆ రోజుకు పోటీ నుంచి ఇంటికే. కాల్పులు ముగిసి తుపాకులు సర్దేదాకా మద్యం ముట్టకూడదు. ఇక గుండు తగిలిందా లేదా అన్న అనుమానం వస్తే? దాని లాభం కాల్చినవాడికే ఇవ్వాలన్నది కట్టుబాటు. పక్కవాడి తప్పును లెక్కపెట్టే పని అప్పగిస్తూనే, అనుమానం వస్తే వదిలెయ్యమని చెప్పే నియమం ఇది. గెలుపు కోసం కావాలని అడ్డదారి తొక్కి, స్టేజ్‌లో చెప్పినట్టు కాల్చకుండా సమయం మిగుల్చుకునేవాడికి ఏకంగా 30 సెకన్ల జరిమానా పడుతుంది. ఆట స్ఫూర్తిని దెబ్బతీసినందుకు వేసే శిక్ష అది. గురి తప్పితే ఐదు సెకన్లు, బుద్ధి తప్పితే ముప్పై సెకన్లు.

ఒలింపిక్ షూటింగ్‌తో పోల్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్‌కు కాంస్యం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో షూటరు ఒంటరిగా, తన గురిలో తాను మునిగి నిలబడతాడు. ఎక్కడ తగిలిందో ఎలక్ట్రానిక్ టార్గెట్ దశాంశంతో సహా చెప్పేస్తుంది. కచ్చితత్వానికి అదే సరైన పద్ధతి. కాని పక్కవాడి కన్నుతో అక్కడ అవసరం లేదు. కౌబాయ్ ఆటలో యంత్రం సమయం మాత్రమే చెబుతుంది. తగిలిందో లేదో తేల్చేది మూడు జతల కళ్లు, మూడు జతల చెవులు. స్టేజ్ పూర్తయ్యాక ఆ ముగ్గురూ కాల్చినవాడితో మాట్లాడక తప్పదు. "మూడోది అంచుకు తగిలింది, మోగలేదు గాని రేకు కదిలింది" అన్న మాటతో మొదలైన సంభాషణ తూటాలో మందు ఎంత వేశావన్న దగ్గరికి, అక్కడి నుంచి మోకాళ్ల నొప్పుల దగ్గరికి, మనవరాలి చదువు దగ్గరికి పోతుంది.

■ కబుర్ల మూట

*తూటాలు చాలామంది ఇంట్లోనే మళ్లీ నింపుకుంటారు. అందుకే మట్టిలో పడ్డ ఇత్తడి తొడుగులు పారేసే వస్తువులు కావు, ఏరి యజమానికి అప్పగించాల్సిన సొత్తు. బ్లాక్ పౌడర్‌తో కాల్చేవాళ్లకు వేరే విభాగాలున్నాయి. ఒక్క గుండుకే తెల్లటి పొగ తెరలా కమ్మి రేకు కనపడకుండా పోతుంది, గంధకం వాసన గుప్పుమంటుంది. ఆ మసి కడగడానికి వేడినీళ్లూ సబ్బూ చాలా, ఇంకేమైనా వాడాలా అన్న చర్చకు అంతుండదు. ఎవరి తుపాకీ అయినా మధ్యలో మొరాయిస్తే పక్కవాళ్లు తమది తీసి ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. కొత్తగా చూడ్డానికి వచ్చినవాళ్లకు ఒరతో సహా అన్నీ అరువిచ్చి ఒక స్టేజ్ ఆడిస్తారు.*

అసలు పేరుతో పనిలేదు

సాస్‌లో చేరే ప్రతి ఒక్కరూ ఒక మారుపేరు పెట్టుకోవాలి. ఒకరి పేరు ఇంకొకరికి ఉండకూడదు. క్రీగ్ 19వ శతాబ్దపు టెక్సస్ న్యాయాధికారి జడ్జ్ రాయ్ బీన్ పేరు పెట్టుకున్నాడు. పద్దు పుస్తకంలోనూ, మైదానంలో పిలుపులోనూ ఆ పేరే. ఏళ్ల తరబడి కలిసి ఆడుతున్నా అసలు పేరు తెలియకపోవడం ఇక్కడ మామూలే. దీన్ని పిల్లల ఆటగా కొట్టిపారేయడం తేలిక. అది చేసే పని మాత్రం చిన్నది కాదు. ఇద్దరు మనుషులు కలవగానే మొదట వచ్చే ప్రశ్న "ఏం చేస్తుంటారు?" అన్నదే. జవాబును బట్టి కుర్చీ ఎత్తు నిర్ణయమైపోతుంది. ఉద్యోగ విరమణ చేసినవాళ్లకు ఆ ప్రశ్న మరీ కష్టం, చెప్పుకోవడానికి మిగిలింది 'మాజీ' ఒక్కటే. మారుపేరుతో ఆ ప్రశ్న పక్కకు పోతుంది. సర్జనైనా, ప్లంబరైనా వంగి తొడుగులు ఏరాల్సిందే. మాజీ ఏమీ లేని కొత్త మనిషిగా అరవయ్యో ఏట మళ్లీ పరిచయమయ్యే అవకాశం ఎంతమందికి దొరుకుతుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏర్పాటుచేసిన కమిషన్ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. దానివల్ల ఏటా 8,71,000 మరణాలు సంభవిస్తున్నాయని అంచనా. అమెరికా సర్జన్ జనరల్‌గా ఉన్న వివేక్ మూర్తి 2023 మేలోనే దీన్నొక మహమ్మారి అంటూ సలహా పత్రం విడుదల చేశారు. అంతకు చాలా ముందు, 2000లో, అమెరికా రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ పుట్నం తన 'బౌలింగ్ అలోన్' పుస్తకంలో ఒక విషయం ఎత్తిచూపాడు. బౌలింగ్ ఆడే అమెరికన్లు పెరుగుతున్నా, లీగ్ జట్లలో ఆడేవాళ్లు తగ్గిపోయారన్నాడు. ఆట మిగిలింది, జట్టు పోయింది. కౌబాయ్ షూటర్లు జట్టును వదులుకోలేదు. వదులుకుంటే వాళ్ల ఆటే ఉండదు.

సినిమా కౌబాయ్ వేరు

ఇక్కడొక అభ్యంతరం సహజంగా వస్తుంది. వీళ్లు అనుకరించేది ఒక అబద్ధాన్ని కాదా? ఆ అమెరికా పశ్చిమం వెనక ఆదివాసుల నేల గుంజుకున్న చరిత్ర ఉంది, 1890లో వూండెడ్ నీ దగ్గర లకోటా ప్రజల మీద సాగిన మారణకాండ ఉంది. టోపీలూ బూట్లూ వేసుకుని ఆ కాలాన్ని సరదాగా చేసుకోవడం న్యాయమేనా? అభ్యంతరంలో బలముంది, నేను దాన్ని తోసిపుచ్చను. సినిమా చూపిన పశ్చిమానికీ నిజం పశ్చిమానికీ పొంతన తక్కువ. పశువుల మందలను రైలు స్టేషన్లకు తోలుకెళ్లిన కౌబాయ్‌లలో నలుగురిలో ఒకరు నల్లజాతి వారని చరిత్రకారుల అంచనా. జీను, తాడు, ఆ పనిలోని మెలకువలన్నీ మెక్సికో పశుపాలకులు నేర్పినవే. అన్నిటికంటే ముఖ్యం, ఆ రోజుల్లో డాడ్జ్ సిటీ, టూంబ్‌స్టోన్ వంటి పశ్చిమ పట్టణాల్లో ఊళ్లోకి తుపాకీతో రావడమే నిషేధం. 1881 అక్టోబర్ 26న టూంబ్‌స్టోన్‌లో జరిగిన ఓకే కొరాల్ కాల్పుల వెనక ఆ ఆయుధ నిషేధం అమలు గొడవే ఉంది. అర నిమిషంలో ముగిసిన ఆ కాల్పుల మీద శతాబ్దంపాటు సినిమాలు తీశారు.

కాని ఈ నిజాలు నా వాదనకు అడ్డురావు, బలమే ఇస్తాయి. అసలు కౌబాయ్‌ల తోడు తుపాకీ చుట్టూ అల్లుకున్నది కాదు. పది పన్నెండు మంది కలిసి రెండు మూడు వేల పశువులను నెలల తరబడి తోలాలి. రాత్రిళ్లు వంతులవారీగా కాపలా కాయాలి, మంద బెదరకుండా మెల్లగా పాడుతూ తిరగాలి. 1866లో చార్లెస్ గుడ్‌నైట్ తయారుచేసిన వంటబండి చుట్టూ చేరి తినాలి. ఆ పనిలోంచీ, ఆ వంతుల్లోంచీ పుట్టింది వాళ్ల స్నేహం. టోపీ సంగతెలా ఉన్నా, వంతుల పద్ధతిలో మాత్రం నేటి షూటర్లు సినిమా హీరోకంటే అసలు కౌబాయ్‌కే దగ్గరగా ఉన్నారు. వెండితెర కౌబాయ్ ఎప్పుడూ ఒంటరే. ఎక్కడి నుంచో వస్తాడు, లెక్క తేల్చి ఎక్కడికో వెళ్లిపోతాడు. తెలుగువాళ్లకు తెలిసిన కౌబాయ్ కూడా అతనే.

■ మన తెర మీద గుర్రపు డెక్కల చప్పుడు

*తెలుగులో కౌబాయ్ సినిమాకు నాంది 1971లో వచ్చిన 'మోసగాళ్లకు మోసగాడు'. కృష్ణ హీరో, కె.ఎస్.ఆర్.దాస్ దర్శకుడు, రచన ఆరుద్ర. రాజస్థాన్ ఇసుక నేలల్లో తీసిన ఆ సినిమా 2023 మే 31న, కృష్ణ జయంతి నాడు, మళ్లీ థియేటర్లకొచ్చింది. ఆ తోవలోనే 1990లో చిరంజీవి 'కొదమసింహం', 2002లో మహేశ్‌బాబు 'టక్కరి దొంగ' వచ్చాయి.*

ఓలేథ్‌ను పక్కన పెట్టలేం

అన్నిటికంటే బరువైన అభ్యంతరం తుపాకీదే. 2021లో అమెరికాలో తుపాకీ వల్ల 48,830 మంది చనిపోయారు. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. ఇందులో తెలుగువారి కన్నీళ్లూ ఉన్నాయి. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రంలోని ఓలేథ్‌లో, పని ముగించుకుని బార్‌లో మాట్లాడుకుంటూ కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద ఒకడు జాతి ద్వేషంతో కాల్పులు జరిపాడు. హైదరాబాద్‌కు చెందిన 32 ఏళ్ల యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. అతని మిత్రుడూ, ఆపబోయిన ఒక అమెరికన్ పౌరుడూ గాయపడ్డారు. మిత్రులతో నాలుగు మాటలు మాట్లాడుకోవడానికి వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. ఈ సంగతి తెలిసిన తెలుగు పాఠకుడికి తుపాకులు పట్టుకుని చేసే స్నేహాల గురించి మురిపెంగా చెప్పలేం, చెప్పకూడదు కూడా.

షూటింగ్ మైదానంలో క్రమశిక్షణ ఉంటుంది కదా అంటే అది సగం జవాబే. పోటీ అయ్యాక ఆ తుపాకులు ఇళ్లకే వెళతాయి. ఒంటరి ముసలితనం, ఇంట్లో తుపాకీ కలిస్తే ఎంత ప్రమాదమో ఆ ఆత్మహత్యల లెక్కే చెబుతోంది. క్లబ్బులో పలకరించే పదిమంది ఉండటం ఒక మనిషిని ఆ అంచు నుంచి వెనక్కి లాగొచ్చు, లాగలేకపోనూవచ్చు. తుపాకీని తాళం వేసి దాచే చట్టాలకు అది ప్రత్యామ్నాయం కానేకాదు. ఇంకో పరిమితీ ఉంది. ఈ ఆటకు నాలుగు తుపాకులు, ఒరలు, దుస్తులు, తూటాలు కావాలి, వేల డాలర్ల ఖర్చు. అందుకే వచ్చేవాళ్లు చాలావరకు ఒకే వయసు, ఒకే నేపథ్యం ఉన్నవాళ్లు. తనలాంటివాళ్లతో స్నేహం చేయడం సులువు. ఓలేథ్ అడిగే ప్రశ్న తనలాంటివాడు కాని మనిషి గురించి. ఆ ప్రశ్నకు ఈ క్లబ్బుల దగ్గర పూర్తి జవాబుందని నేను చెప్పలేను.

మరి వీళ్ల గురించి ఇంతసేపు ఎందుకంటే, ఆ పద్ధతిలోంచి తుపాకీని తీసేసినా అది నిలబడుతుంది కాబట్టి. తుపాకీ ప్రమాదకరం గనుకే వాళ్లు ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండే నియమాలు రాసుకోవాల్సి వచ్చింది. నియమాలు రాసుకున్నారు గనుక స్నేహాలు కుదిరాయి. ఆ నియమాలు పెట్టుకోవడానికి ప్రమాదమే ఉండాలని ఎక్కడా లేదు.

■ చట్టం ఏమంటుంది?

*హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ కొనడం గాని, దగ్గర ఉంచుకోవడం గాని అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నిషిద్ధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. సరదాగా పిలిచారు కదా అని మిత్రుడి తుపాకీ పట్టుకునే ముందు ఇది గుర్తుంచుకోవాలి. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి.*

గంటకింత అద్దె

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఇప్పుడు ఆటస్థలాలకు కొదవలేదు. బాక్స్ క్రికెట్ టర్ఫ్‌లు, బ్యాడ్మింటన్ కోర్టులు యాప్‌లో గంటల లెక్కన దొరుకుతున్నాయి. ఆరింటికి మన స్లాట్ మొదలవుతుంది, ఏడింటికి తర్వాతి జట్టు గేటు దగ్గర నిలబడి ఉంటుంది. చెమట తుడుచుకుంటూ బయటికి, బండెక్కి ఇంటికి. ఎదురుచూపు లేదు, ఎవరికీ ఎవరితో పని లేదు. పక్క కోర్టులో ఏడాదిగా ఆడుతున్న మనిషి ముఖం తెలుసు, మాట తెలియదు. ఆట దొరకడం లేదని కాదు, ఆట చుట్టూ ఉండాల్సిన ఖాళీ సమయాన్ని డబ్బిచ్చి తీసేయించుకుంటున్నాం. వేళకు విలువ ఎక్కువైన నగరంలో ఇది తప్పదనే వాదన ఉంది. అరగంట కూడా మిగలని ఉద్యోగికి కూర్చుని ఎదురుచూడమని చెప్పడం సులువు కాదు, నిజమే. కాని ఇదే మనిషి రాత్రి అరగంటకు పైగా ఫోన్ తెరను పైకి తోస్తూ గడుపుతున్నాడు. కొరత వేళది మాత్రమే కాదు.

అపార్ట్‌మెంట్ సంఘాలూ, కాలనీ క్లబ్బులూ, అమెరికాలో మన తెలుగు సంఘాలు నడిపే క్రికెట్, వాలీబాల్ టోర్నీలూ ఖర్చు లేకుండా చేయగల మార్పులు కొన్ని ఉన్నాయి. ఆట ముగించిన జట్టే తర్వాతి మ్యాచ్‌కు అంపైరింగ్ చేయాలి. స్కోరు పుస్తకం కిరాయి మనిషికి కాకుండా ఓడిన జట్టులో ఒకరికి అప్పగించాలి. నెట్లు కట్టడం, విప్పడం వంతులవారీగా అందరికీ పడాలి, కెప్టెన్‌కూ మినహాయింపు ఉండకూడదు. రెండు మ్యాచ్‌ల మధ్య అరగంట స్లాట్ కావాలనే ఖాళీగా వదిలి, ఆ అద్దెను అందరూ పంచుకోవాలి. వచ్చే సీజన్ నియమావళి రాసుకునేటప్పుడు ఒక్క టోర్నీ అయినా దీన్ని ప్రయత్నించి చూడొచ్చు.